కొంగ జపం, చిలుక ధ్యానం: బుద్ధుడు నడిచిన దారిలో ఏడు రోజులు

మా బావగారు ముప్పై ఏళ్లకు పైగా పశువైద్యుడిగా పనిచేసి రిటైరయ్యారు. నేను పదేళ్లుగా ఆనాపాన సాధన చేస్తున్నాను, అంటే రోజూ తెల్లవారుజామున ఒక గంట ఊపిరిని గమనిస్తూ కూర్చోవడం. ఒకరోజు నేను లేచేదాకా ఓపిగ్గా ఆగి ఆయన అడిగారు: "నువ్వు కూర్చున్నట్టే గేదె కూడా కూర్చుంటుంది కదా, కళ్లు అరమోడ్చి, కదలకుండా, ఎవరి జోలికీ పోకుండా. అది ధ్యానం కాదని ఎలా చెప్తావు?" నేను వెంటనే ఏదో జవాబు చెప్పాను గానీ అది నాకే నచ్చలేదు. బౌద్ధం దీని గురించి ఏమంటుందో తీరిగ్గా చూద్దామనుకున్నాను, ఆయనేమో పుస్తకాలు చదివే ఓపిక లేదు, ఆ చోట్లకే వెళ్దాం పద అన్నారు. బుద్ధుడికి జంతువులు ఎదురైన ఊళ్లు ఒక వరసలో పెట్టుకుని బయలుదేరాం.

మొదటి రోజు, బోధ్‌గయ

మహాబోధి ఆలయంలోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. అది చాలా మంచిదైంది, చూడటం తప్ప వేరే పని లేకుండా పోయింది. బోధి వృక్షం చుట్టూ రకరకాల దేశాల వాళ్లు కూర్చుని ఉన్నారు, వాళ్ల మధ్యలో, ఒక భిక్షువు చాప అంచుకు ఆనుకుని, ఒక కుక్క ముందుకాళ్ల మీద తల పెట్టుకుని పడుకుని ఉంది. చూసినవాళ్లెవరైనా అది కూడా ధ్యానంలో ఉందనే అంటారు. బావగారు మాత్రం దాని చెవులు చూడమన్నారు. ఎక్కడో గంట మోగితే ఒక చెవి అటు తిరుగుతోంది, అడుగుల చప్పుడైతే ఇంకో చెవి ఇటు తిరుగుతోంది, కళ్లు మాత్రం తెరవడం లేదు. "ఇది విశ్రాంతి. భయం లేని చోట కుక్క ఇలాగే పడుకుంటుంది" అన్నారు. ధ్యానం అనుకుంటారేమో అని ఎదురు చూశాను, ఆయన ఆ మాట అనలేదు.

ఆలయం పక్కనున్న కొలనులో బుద్ధుడి తలపై పడగ పట్టిన నాగు విగ్రహం ఉంది. జ్ఞానోదయమయ్యాక ఏడు రోజులు ఎడతెగని అకాల వాన పడితే ముచలిందుడనే నాగరాజు ఆయన శరీరాన్ని ఏడు చుట్లు చుట్టి పైన పడగ విప్పి కాపాడాడని ఉదానమనే పాళీ గ్రంథంలో ఉంది. ఆ కథ అందరికీ తెలిసిందే. నేను బావగారికి చెప్పింది భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకంలోని ఇంకో నాగు కథ, అది నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది.

ఒక నాగుకు తన పుట్టుక మీద విరక్తి కలిగింది. మనిషి జన్మ త్వరగా రావాలంటే శాక్యపుత్రుల సంఘంలో చేరడమే దారి అనుకుని, యువకుడి రూపంలో వచ్చి భిక్షువైంది. ఒక తెల్లవారుజామున తోటి భిక్షువు బయట నడుస్తుంటే, కుటిలో ఒంటరిగా ఉన్నానన్న ధైర్యంతో నిద్రపోయింది. నిద్రలో అసలు రూపం బయటపడుతుంది. కుటి అంతా పాము, కిటికీల్లోంచి బయటికి చుట్లు. తిరిగొచ్చిన భిక్షువు కేకలు పెట్టాడు. విషయం తెలిసిన బుద్ధుడు, మీ నాగులకు ఈ ధర్మవినయాల్లో ఎదిగే వీలు లేదు, వెళ్లి చతుర్దశి, పంచదశి, అష్టమి రోజుల్లో ఉపోసథ వ్రతం పాటించు, అలా అయితే త్వరలో మనిషి జన్మ పొందుతావు అన్నాడు. నాగు ఏడుస్తూ వెళ్లిపోయింది. అందుకే ఇప్పటికీ భిక్షుదీక్ష ఇచ్చేటప్పుడు "మనుస్సోసి?", అంటే నువ్వు మనిషివేనా, అని అడుగుతారు.

"అంటే కుదరదనేశాడన్నమాట" అన్నారు బావగారు. కుదరదన్నది దీక్ష, దానితోపాటు ఒక సాధన కూడా ఇచ్చి పంపాడు కదా బావగారూ అన్నాను. ఆయన చాలాసేపు ఆ కొలను వైపే చూస్తూ ఉండిపోయారు.

రెండో రోజు, బోధ్‌గయలోనే

పొద్దున్నే చెట్టు కింద కూర్చున్నాం. పైన చిలుకలు. వాటి గోల వింటూ ఊపిరి మీద మనసు నిలపడం నాకు ఆ రోజు కష్టం కాలేదు, ఎందుకంటే మనసులో ఉన్నదంతా ఒక చిలుక కథే.

ఎరుకను నిలపడం గురించిన సతిపట్ఠాన సుత్తం బుద్ధుడు కురుదేశంలో చెప్పాడు. ఆ దేశంలో నీళ్ల రేవుల దగ్గర, నూలు వడికే చోట్ల కూడా ఆడవాళ్లు ధ్యానం గురించే మాట్లాడుకునేవాళ్లని 5వ శతాబ్దంలో బుద్ధఘోషుడు రాసిన వ్యాఖ్యానం చెబుతుంది, ఆ వెంటనే ఈ చిలుక కథ వస్తుంది. ఒక నటుడు తన చిలుకను భిక్షుణుల ఆరామంలో వదిలి వెళ్లిపోయాడు. శ్రామణేరికలు, అంటే ఇంకా పూర్తి దీక్ష పొందని చిన్న సన్యాసినులు, దాన్ని పెంచారు, బుద్ధరక్షితుడని పేరు పెట్టారు. ఒకరోజు పెద్ద థేరి, అంటే పెద్ద భిక్షుణి, దాన్ని అడిగింది: నువ్వు ఏదైనా భావన, అంటే ధ్యానం, చేస్తున్నావా? లేదమ్మా అంది చిలుక. సాధకుల మధ్య బతుకుతూ ఊరికే ఉండకూడదు, నీకు ఇంకేమీ చేతకాదు గనక "అట్ఠి, అట్ఠి" అని అనుకుంటూ ఉండు అంది ఆమె. అట్ఠి అంటే ఎముక. చిలుక అలాగే అనుకుంటూ తిరిగేది.

ఒక పొద్దున అది తోరణం మీద ఎండ కాచుకుంటుంటే డేగ తన్నుకుపోయింది. చిలుక కీచుమంది. శ్రామణేరికలు రాళ్లూ కర్రలూ పట్టుకుని వెంటపడితే డేగ వదిలేసింది. దాన్ని తెచ్చి థేరి ముందు పెట్టారు. నిన్ను డేగ పట్టుకున్నప్పుడు ఏమనుకున్నావు అని ఆమె అడిగితే చిలుక, నేను వేరే ఏమీ అనుకోలేదమ్మా, ఒక ఎముకల పోగు ఇంకో ఎముకల పోగును పట్టుకుపోతోంది, ఇది ఎక్కడ చెల్లాచెదురవుతుందో అని మాత్రమే అనుకున్నాను అంది. మంచిది, మంచిది, ఇది ముందుముందు నీ భవచక్రం తెగడానికి కారణమవుతుంది అని ఆమె మెచ్చుకుంది.

నాకు తెలిసినంతలో, పాళీ గ్రంథాలను అనుసరించే థేరవాద బౌద్ధ సాహిత్యంలో ఒక పక్షి సతిపట్ఠానం చేసినట్టు ఇంత సూటిగా చెప్పిన చోటు ఇదే. అది మంత్రంలా వల్లె వేసి వదిలేసి ఉంటే దాన్ని చిలకపలుకులు అనేవాళ్లం. కానీ ప్రాణం పోయే క్షణంలో ఆ మాట చూపుగా మారింది. నేను డేగనీ కాదు, చిలుకనీ కాదు, రెండూ ఎముకలే అని చూసింది. పదేళ్ల సాధన తర్వాత కూడా అలాంటి క్షణంలో నాకు ఏది గుర్తొస్తుందో ఆలోచిస్తే ఆ చిలుకకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

బావగారు వైద్యుడిలా విన్నారు. మాట్లాడే చిలుక కథ కాబట్టి కథగానే తీసుకుంటానన్నారు. తీసుకోండి, కానీ ఆ కథను దాచుకున్న వాళ్లు చిలుక చేయలేదని అనుకోలేదు, అది చాలు నాకు అన్నాను.

మూడో రోజు, రాజగృహ

వేణువనంలో ఎక్కువసేపు ఉండలేదు. బింబిసారుడు సంఘానికి ఇచ్చిన మొదటి ఆరామం ఇదే, దీనికి కలందకనివాపమనే పేరు కూడా ఉంది, అంటే ఉడతలకు మేత పెట్టే చోటు. ఉడతలకు అభయమిచ్చిన తోటలోనే సంఘం మొదటిసారి స్థిరంగా నిలిచిందన్నది నాకు ఇష్టమైన సంగతి. తర్వాత గృధ్రకూటం ఎక్కాం.

రాజగృహ అంటే మా ఇద్దరికీ నాలాగిరి అనే ఏనుగే. బుద్ధుడి మీద పగబట్టిన దేవదత్తుడు మావటివాళ్లకు చెప్పి మదపుటేనుగును వీధిలోకి వదిలించాడు. తొండం పైకెత్తి, చెవులూ తోకా నిక్కబొడుచుకుని అది మీదికి వస్తుంటే బుద్ధుడు దాన్ని మైత్రితో నింపాడు. అది తొండం దించి దగ్గరికొచ్చింది, ఆయన కుడిచేత్తో దాని కుంభస్థలం నిమిరాడు, అది ఆయన పాదధూళిని తొండంతో తీసుకుని నెత్తిన చల్లుకుని, ఆయన కనిపించినంతసేపూ వెనక్కి వెనక్కి నడిచి వెళ్లింది. మన అమరావతి శిల్పి ఈ ఘట్టాన్ని ఒకే గుండ్రటి ఫలకంలో రెండు క్షణాలుగా చెక్కాడు: ఒక పక్క మనుషుల్ని తొక్కేస్తున్న ఏనుగు, ఇంకో పక్క మోకరిల్లిన ఏనుగు. అది ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. మేడల మీంచి తొంగి చూస్తున్న జనం ముఖాల్లో భయం కూడా కనిపిస్తుంది.

కొండ మీద కూర్చున్నప్పుడు బావగారు తన అనుభవం చెప్పారు. ఈత కష్టమై బెదిరిపోయిన గేదె దగ్గరికి వెళ్లేటప్పుడు ముందు తన ఊపిరి సర్దుకునేవారట. "మన టెన్షన్ దానికి వెంటనే తెలిసిపోతుంది. మనం నెమ్మదిస్తే అదీ నెమ్మదిస్తుంది. ఆ పని నాకు ఎవరూ నేర్పలేదు, పశువులే నేర్పాయి." నాలాగిరి మైత్రీ భావన చేసిందా అంటే లేదనే చెప్పాలి, ఆ భావన బుద్ధుడిది. కానీ దాన్ని అందుకునే చోటు ఏనుగు మనసులో లేకపోతే ఆ వీధిలో జరిగింది వేరేలా ఉండేది.

నాలుగో రోజు, పాట్నా దారి

రోజంతా ప్రయాణమే. భాగల్పూర్ దగ్గరి చంపానగరానికి వెళ్లలేకపోవడం నాకు వెలితిగానే ఉంది, ఎందుకంటే మా ప్రశ్నకు కావలసిన రెండు కథలూ అక్కడి గగ్గరా కొలను ఒడ్డునే జరిగాయి. ఒకటి కప్పది. బుద్ధుడు బోధిస్తుంటే ఒక కప్ప నీళ్లలోంచి వచ్చి ఆ స్వరంలోనే మనసు నిలిపి వింటోంది. ఒక పశువుల కాపరి చూసుకోకుండా దాని తల మీద కర్ర ఆనించి నిలబడ్డాడు, కప్ప చచ్చిపోయి దేవలోకంలో పుట్టింది. దానికి ఒక్క మాట అర్థం కాలేదు. గొంతు మీద నిలిచిన ప్రసన్నమైన మనసు ఒక్కటే దాని పుణ్యం.

రెండోది పెస్సుడిది, మావటివాడి కొడుకు. అతను బుద్ధుడితో అంటాడు: భంతే, మనుషులు చిక్కుల పొద, జంతువులు తెరిచిన మైదానం. నేను ఏనుగును తోలుతుంటే అది చంపాకు వెళ్లి వచ్చేలోపు తన జిత్తులన్నీ బయటపెట్టేస్తుంది, మా పనివాళ్లయితే చేసేదొకటి, చెప్పేదొకటి, మనసులో ఉండేది ఇంకొకటి. బుద్ధుడు అవునంటాడు. బావగారికి ఈ మాట ఎంత నచ్చిందంటే కారులో రెండుసార్లు చెప్పించుకున్నారు. తర్వాత కాసేపటికి పెస్సుడు చాలా పనులున్నాయని లేచి వెళ్లిపోతాడు. ఇంకొంచెం కూర్చుని ఉంటే ఎంతో లాభం పొందేవాడు అంటాడు బుద్ధుడు.

ఐదో రోజు, వైశాలి

కొల్హువాలో ఒంటి సింహం స్తంభం, ఇటుకల స్తూపం, వాటి పక్కనే కొలను. కోతులు బుద్ధుడి కోసం తవ్విన చెరువని, ఇక్కడే ఒక కోతి ఆయనకు తేనె సమర్పించిందని అంటారు. కోతుల కంటే ముందు మాకు కనిపించింది ఒక కొంగ. నీళ్ల అంచున ఒంటికాలి మీద నిలబడి ఉంది. మేం అక్కడున్న దాదాపు ఇరవై నిమిషాలూ అది కదల్లేదు.

కొంగ జపమని మనవాళ్లు ఎందుకన్నారో తెలిసిందే. దాని నిశ్చలత చేప కోసం. కానీ నేను ఆ పక్షిని తప్పుపట్టలేకపోయాను, అది జపం చేస్తున్నానని ఎవరికీ చెప్పలేదు, ఆ పేరు పెట్టింది మనం. నిజానికి ఈ చిక్కుముడి విప్పడానికి, మనసును విశ్లేషించే బౌద్ధ శాస్త్రమైన అభిధమ్మంలో మంచి పనిముట్లున్నాయి. ప్రతి చిత్తంలోనూ, అంటే మనసు కదిలే ప్రతి క్షణంలోనూ, తప్పనిసరిగా ఉండే ఏడు చైతసికాల్లో, అంటే మానసిక అంశాల్లో, ఏకాగ్రత ఒకటి, మనసికారం, అంటే మనసు పెట్టడం, ఇంకొకటి. ప్రతి చిత్తంలో అంటే కొంగ చిత్తంలో కూడా. కాబట్టి జంతువుకు ఏకాగ్రత ఉందా అన్నది ప్రశ్నే కాదు. ఉంది. వేటగాడికీ ఉంది, దొంగకూ ఉంది. దాన్ని దేని వైపు పెంచుతున్నాం అన్నదే తేడా, ధ్యానానికి పాళీలో వాడే భావన అన్న మాటకు అర్థం కూడా పెంచడమే.

మిలిందపఞ్హ అనే ప్రశ్నోత్తరాల గ్రంథంలో మిలింద రాజు నాగసేనుడనే భిక్షువును ఇదే అడుగుతాడు, మనసికారం, ప్రజ్ఞ రెండూ ఒకటే కాదా అని. కాదు మహారాజా, మేకలకు, గొర్రెలకు, ఎద్దులకు, గేదెలకు, ఒంటెలకు, గాడిదలకు కూడా మనసికారం ఉంది, ప్రజ్ఞ లేదు అంటాడు నాగసేనుడు. యవలు కోసేవాడు ఎడమచేత్తో గుప్పిట పట్టుకుంటాడు, కుడిచేతిలోని కొడవలితో కోస్తాడు, పట్టుకోవడం మనసికారం, కోయడం ప్రజ్ఞ.

ఇది వినగానే బావగారు తన గేదె దగ్గరికి వచ్చేశారు. ఆవైనా గేదైనా రోజుకు ఏడెనిమిది గంటలు నెమరు వేస్తుంది, ఆ సమయంలో తరచూ మగతలో ఉంటుంది, పూర్తి మెలకువా కాదు, గాఢనిద్రా కాదు. నన్ను ఆయన మొదట అడిగిన ఆ అరమోడ్పు కళ్లు అవే. "మనం విన్నదాన్ని నెమరు వేసుకోవడం అంటాం, అది మేతను నెమరు వేస్తుంది. ఆ రెండింటికీ ఒకే మాట పెట్టినవాళ్లు గేదెను బాగా చూసినవాళ్లే" అన్నారు. అవును, ఆ మగతను మన సాధనలో అయితే థీన-మిద్ధం అంటారు, ఐదు నీవరణాల్లో ఒకటి, అడ్డంకి. ప్రశాంతంగా కనిపించడం, ధ్యానంలో ఉండటం వేర్వేరు, గేదె విషయంలోనైనా నా విషయంలోనైనా.

తేనె కోతి గురించి ఎక్కువ చెప్పను. దానం చేసిన ఆనందంలో గంతులేసి, పడి చచ్చిపోయి దేవలోకానికి వెళ్లిందని కథ. నాకు అందులో ముఖ్యమనిపించేది, సుత్తాల్లో కోతి చంచలమైన మనసుకు పోలిక, ఒక కొమ్మ వదిలి ఇంకో కొమ్మ పట్టేది. అదే కోతి చేత దానం చేయించారు కథలు చెప్పినవాళ్లు.

ఆరో రోజు, సారనాథ్

రాత్రి రైలులో వారణాసి, పొద్దున్నే సారనాథ్. పాత పేరు ఇసిపతన మిగదాయం, రుషులు దిగిన చోటు, లేళ్లకు అభయమిచ్చిన వనం. ధర్మచక్రం తిరగడం మొదలైంది జంతువుల్ని చంపకూడని నేల మీద. మ్యూజియంలో నాలుగు సింహాల కింద పట్టీ మీద ఏనుగు, ఎద్దు, గుర్రం, సింహం చక్రాల మధ్య నడుస్తున్నాయి. బావగారు ఆ ఎద్దు దగ్గరే నిలబడిపోయారు, కండరాల పట్టు, కాలు ఎత్తిన తీరు, పశువుల మధ్య తిరిగినవాడే చెక్కి ఉంటాడన్నారు.

కఠినమైన మాటలు కూడా ఇక్కడే చెప్పుకున్నాం, దాటవేయడం నాకు ఇష్టం లేదు. సంయుత్తనికాయంలో గుడ్డి తాబేలు ఉపమానం ఉంది: నూరేళ్లకోసారి నీటిపైకి వచ్చే గుడ్డి తాబేలు, సముద్రంలో తేలే ఒంటి రంధ్రపు కాడిలో మెడ దూర్చడం ఎంత అరుదో, కింది లోకాల్లో పడ్డవాడు మళ్లీ మనిషి కావడం అంతకంటే అరుదు. ఎందుకంటే అక్కడ ధర్మచర్య లేదు, కుశలకర్మ లేదు, ఒకరినొకరు తినడం, బలహీనుల్ని తినడం నడుస్తుంది. థేరవాద అభిధమ్మం ఇంకా ఖచ్చితంగా చెబుతుంది: జంతువుల ప్రతిసంధి చిత్తం, అంటే పుట్టుక క్షణపు మనసు, అహేతుకం, లోభం లేకపోవడం, ద్వేషం లేకపోవడం, మోహం లేకపోవడం అనే మూడు మూలాలు అందులో లేవు, ఆ మూడూ ఉన్న ప్రతిసంధి లేకుండా ఆ జన్మలో ఝానం, అంటే గాఢమైన ధ్యానస్థితి, రాదు, విముక్తికి చేర్చే మార్గఫలాలు రావు. అంటే ధ్యానమంటే ప్రథమ ఝానం, ద్వితీయ ఝానం అనే అర్థంలో అడిగితే జవాబు స్పష్టంగా లేదనే.

సాయంత్రం ఒక టిబెటన్ భిక్షువు పరిచయమయ్యారు, ఆయన్నీ ఇదే అడిగాం. బుద్ధస్వభావం ప్రతి ప్రాణిలో ఉంది, కానీ కుక్కకు కూర్చుని సాధన చేసే తీరిక దాని మనసు ఇవ్వదు, అందుకే మేం వాటి చెవిలో మంత్రం చదువుతాం, విత్తనం పడితే చాలు అన్నారు. చైనాలో 9వ శతాబ్దపు ఝావోఝౌ గురువును కుక్కకు బుద్ధస్వభావం ఉందా అని అడిగితే "వూ", లేదు, అన్నాడు, ఇంకోసారి అడిగినవాడికి ఉందన్నాడు. ఆ భిక్షువు ఆ కథ వినగానే నవ్వేసి, రెండు జవాబులూ కుక్క గురించి కాదు, అడిగినవాడి గురించి అన్నారు.

రాత్రి నాకు ఒకటి తట్టింది. చిలుకకు థేరి ఉంది. కప్పకు ఆ గొంతు ఉంది. నాలాగిరికి ఆ చెయ్యి ఉంది. నాగుకు ఉపోసథం చెప్పినవాడున్నాడు. జంతువు తనంతట తాను భావన మొదలుపెట్టిన కథ నాకు గుర్తు రావడం లేదు, కానీ పక్కన ఎవరైనా ఉంటే అది ఎంత దూరం రాగలదో చూపించే కథలు ఇన్ని ఉన్నాయి.

ఏడో రోజు, కౌశాంబి

రాత్రి నేననుకున్నది పూర్తిగా నిజం కాదని కౌశాంబి చెప్పింది. ఘోషితారామం శిథిలాల దగ్గర మేం తప్ప ఇద్దరో ముగ్గురో. ఇక్కడి భిక్షువుల గొడవ తీర్చబోయి, వాళ్లు వినకపోతే బుద్ధుడు ఒంటరిగా పారిలేయ్యక అడవికి వెళ్లిపోయాడు. సరిగ్గా అప్పుడే ఒక గజరాజు తన మందతో విసిగిపోయి ఉంది. గున్నలు, ఆడ ఏనుగులు ముందే మేసేసిన గడ్డి తినాలి, అవి బురద చేసిన నీళ్లు తాగాలి, రేవు దిగినా ఎక్కినా రాసుకుంటూ పోతాయి. మంద వదిలి అదే అడవికి వచ్చింది. బుద్ధుడికి తొండంతో నీళ్లు తెచ్చిపెట్టింది, ఆయన చుట్టూ గడ్డి తీసేసింది. ఒంటరితనం ఎంత హాయిగా ఉందో అని ఇద్దరూ విడివిడిగా అనుకున్నారని ఉదానం చెబుతుంది. బుద్ధుడు దాని మనసు తెలుసుకుని, నాగళ్లంత దంతాలున్న ఈ నాగానికి, ఆ నాగానికి మనసూ మనసూ కలిసింది, ఇద్దరూ వనంలో ఒంటరిగా ఆనందిస్తున్నారు గనక అన్నాడు. ఏనుగుకీ బుద్ధుడికీ ఒకే మాట, నాగం.

ఆ ఏనుగుకు ఎవరూ ఏమీ నేర్పలేదు. వివేకం, అంటే గుంపు నుంచి విడిపడటం, ఝానానికి మొదటి మెట్టు. ఆ మెట్టు వరకు అది తనంతట తానే నడిచింది.

అలహాబాద్ కోటలో ఉన్న అశోక స్తంభం మొదట కౌశాంబిదేనని చరిత్రకారులు భావిస్తారు. దాని మీద చెక్కించిన ఆరు స్తంభశాసనాల్లో ఐదోది జంతువుల గురించి. చంపకూడని వాటి జాబితాలో చిలుకలు ముందే ఉంటాయి, గబ్బిలాలూ ఉంటాయి. అష్టమి, చతుర్దశి, పంచదశి రోజుల్లో కోడెలకు విత్తులు కొట్టకూడదని కూడా ఉంది. నాగుకు బుద్ధుడు చెప్పిన రోజులు ఇవే కదా అన్నారు బావగారు, నాకు అంతవరకు తట్టలేదు. సర్వీసులో ఎన్ని కోడెలకు ఆ పని చేశారో ఆయన లెక్కపెట్టుకుంటున్నట్టు కాసేపు మాట్లాడలేదు.

యమున వైపు పొలాల్లో ఒక మగ నీల్‌గాయ్ ఒంటరిగా నిలబడి ఉంది. ఎదిగిన మగవి చాలాసార్లు ఇలా విడిగానే తిరుగుతాయట. మమ్మల్ని చూసింది, పారిపోలేదు, తల దించి మేయలేదు, అలా నిలబడింది. డ్రైవరు వచ్చి ఆలస్యమవుతోంది, రైలు టైమ్ అన్నాడు. నేను లేవబోతుంటే బావగారు నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"పెస్సుడు కూడా ఇలాగే లేచిపోయాడు కదా. ఇంకాసేపు కూర్చో."